మధ్యలో ఆగిన మాట

కొండల్ రావు కూతురు చంద్రిక దగ్గరికి వచ్చిన కొత్తలో, అన్నం తినేటప్పుడు ఆమెకు ముద్ద నోట్లో పెట్టుకునే తీరిక ఉండేది కాదు. ఒక పక్కన తండ్రి, ఇంకో పక్కన కూతురు. "ఏమంటుందే పిల్ల?" అని ఆయన. "తాత ఏమన్నాడు?" అని ఇంగ్లీషులో అవని. ఈయన మాట ఆమెకు చెప్పి, ఆమె మాట ఈయనకు చెప్పి, మధ్యలో భర్త అవినాష్ వేసే జోకు ఇద్దరికీ విప్పి చెప్పేసరికి పప్పు చల్లారిపోయేది. జోకు కూడా చల్లారిపోయేది.

కొండల్ రావు గోదావరిఖని బొగ్గుగనిలో కార్మికుల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కొన్నాళ్లు ఒక్కడే వండుకు తిన్నాడు. చంద్రిక ఒక్కతే సంతానం. ఆమెకు అమెరికా సిటిజెన్‌షిప్ రాగానే పట్టుబట్టి ఆయన్ని తను ఉండే షాంటిలీకి తెచ్చుకుంది. "నువ్వు ఏడుంటే నాకు ఆడనే ఇల్లు బిడ్డా," అని ఆయన కూడా బెట్టు చేయకుండా వచ్చేశాడు. వచ్చింది మనవరాలి కోసమే. తీరా వచ్చాక చూస్తే ఆ పిల్లకు రా, తిను, పడుకో తప్ప తెలుగు రాదు. ఈయనకు థాంక్యూ, సారీ, షిఫ్టు, డ్యూటీ తప్ప ఇంగ్లీషు రాదు. ఒకరినొకరు చూసి నవ్వుకోవడం, ఆయన ఆమె తల నిమరడం, ఆమె తన బొమ్మలు తెచ్చి చూపించడం. అంతకు మించి సాగేది కాదు.

అవనిని ఆదివారం తెలుగు క్లాసుకు పంపేవాళ్లు. కారు ఎక్కేటప్పుడే ముఖం ముడుచుకునేది. గుణింతాల దగ్గరే ఏడాది గడిచింది.

ఆ సంవత్సరం అవని పుట్టినరోజుకు అవినాష్ రెండు జతల ఇయర్‌బడ్స్ కొన్నాడు. ఒక జత కూతురికి, ఒక జత మామగారికి. ఫోన్‌లో యాప్ పెట్టాడు. ఆయన తెలుగులో మాట్లాడితే ఆమె చెవిలో ఇంగ్లీషు, ఆమె ఇంగ్లీషులో మాట్లాడితే ఆయన చెవిలో తెలుగు. "ఇంక మీ ఇద్దరి మధ్య ఎవరూ అక్కర్లేదు మామయ్యా," అన్నాడు.

మొదటి రోజు కొండల్ రావు గొంతు సవరించుకుని, "నీ బళ్లె ఇయ్యాల ఏం జెప్పిన్రే?" అని అడిగాడు. యంత్రం ఆ పిల్ల చెవిలో బండి గురించి ఏదో చెప్పింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. దానికి వార్తలు చదివేవాళ్ల తెలుగు మాత్రమే అర్థమవుతుందని ఆయన తొందరగానే పసిగట్టాడు. మర్నాటి నుంచి వంటింట్లో ఉన్న చంద్రికకు హాల్లోంచి తండ్రి గొంతు కొత్తగా వినిపించేది. "ఈ రోజు మీ పాఠశాలలో ఏమి నేర్పించారు?"

"బాపూ, ఎవరితోని మాట్లాడుతున్నవ్? కలెక్టర్‌తోనా?" అని నవ్వింది చంద్రిక.

"దీనికి మన బాస తెల్వదే. మనకు దీని బాస వస్తది గద. గట్లనే నడిపిస్తున్న," అన్నాడాయన.

అలా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే, సాయంత్రం స్కూలు బస్సు దిగి అవని బ్యాగు గడపలో పడేసి నేరుగా తాత గదిలోకి పోయేది. ఎండాకాలమైతే ఇద్దరూ ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద కూర్చునేవాళ్లు. ఆయన గని కబుర్లు చెప్పేవాడు. చీకట్లో దిగడం, గని కప్పును కర్రతో తట్టి చప్పుడును బట్టి అది గట్టిదో గుల్లదో చెప్పడం, తోటివాళ్లు పెట్టుకున్న మారుపేర్లు. ఆమె తన స్నేహితురాలు కృతితో తగాదాలు చెప్పేది. అమ్మకు చెప్పని సంగతులు కూడా చెప్పేదని చంద్రికకు తర్వాత తెలిసింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరి పెదవులు కదిలేవి, ఇద్దరి చెవుల్లోనూ తెల్లటి మొగ్గలు. చంద్రికకు కళ్లు చెమ్మగిల్లేవి. ఎన్నాళ్లకో వేడివేడిగా అన్నం తింది. ఇద్దరి మధ్య కూర్చోవడం మానేసింది. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వినడం కూడా క్రమంగా మానేసింది.

తెలుగు క్లాసు మానిపించింది కూడా ఆమే. ఆ గంటకే సాకర్ ప్రాక్టీస్ పడింది. "తాతతో ఫ్లూయెంట్‌గా మాట్లాడుతోంది కదా, ఇంకెందుకు అది," అంది అవినాష్‌తో. అతను సరేనన్నాడు. కొండల్ రావు మాత్రం, "రెండు అక్షరాలు నేర్చుకుంటే పోయేదేమున్నది," అని ఊరుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన టీ గ్లాసు పట్టుకోబోతే చేయి మాట వినలేదు. గ్లాసు పడిపోయింది. "చంద్రీ" అని పిలవబోతే నోటి నుంచి ఏదో మూలుగు వచ్చింది. అంబులెన్సు తొందరగానే వచ్చింది. ప్రాణం దక్కింది. కుడి కాలు, కుడి చేయి సగం పడిపోయాయి. నోరు ఒక వైపుకు వాలింది. మాట రాకపోలేదు గాని, నాలుక బరువెక్కి ముద్దముద్దగా, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టి వచ్చేది.

ఇంటికి వచ్చే స్పీచ్ థెరపిస్ట్ చంద్రికకు మరీ మరీ చెప్పింది. "ఆయనతో మాట్లాడుతూ ఉండండి. తొందరపెట్టకండి. మాట మధ్యలో ఆగితే ఆగనివ్వండి. ముఖం చూస్తూ వినండి, చెవితో కంటే కళ్లతోనే ఎక్కువ అర్థమవుతుంది."

నిజంగా అలాగే అయింది. కొన్నాళ్లకు చంద్రికకు ఆయన మాటల్లో ముప్పాతిక వంతు తెలిసిపోయేవి. యంత్రానికి మాత్రం ఒక్కటీ తెలియలేదు. ఎప్పటిలాగే ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఎదురుగా కూర్చున్న అవనికి అది అర్థం పర్థం లేని మాటలు చెప్పేది. ఆయన మంచినీళ్లు అడిగితే గేదె అంది. దిండు సర్దమంటే పెళ్లి అంది. మొదట్లో అవని అది పైకి చెప్పి నవ్వేది, ఆయనా వాలిన నోటితోనే నవ్వేవాడు. తర్వాత ఇద్దరికీ నవ్వు రావడం తగ్గింది. ఆయన మళ్లీ మళ్లీ చెప్పి అలిసిపోయేవాడు. ఆ పిల్ల ఫోన్‌ను ఆయన నోటి దగ్గరగా, ఇంకా దగ్గరగా పెట్టేది. తెర వైపు చూసేది. ఆయన ముఖం వైపు చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. థెరపిస్ట్ చెప్పింది చంద్రికకు. చంద్రిక అది అవినాష్‌కు చెప్పింది. పదకొండేళ్ల పిల్లకు చెప్పాలని తోచలేదు.

మార్చి చివర్లో అవని తాత గదిలోకి పోవడం మానేసింది.

చంద్రిక వెంటనే గమనించలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు దగ్గర పడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పై గదిలో మీటింగుల్లో ఉండేది. గమనించాక, పిల్లలకు రోగమంటే భయం కదా అనుకుంది. మిడిల్ స్కూలు, వయసు, స్నేహితులు. "ఒకసారి పోయి తాతకు హాయ్ చెప్పి రా," అంటే "హోంవర్క్ ఉంది" అనేది. గట్టిగా అంటే గుమ్మంలో నిలబడి చేయి ఊపి, లోపలి నుంచి ఏ శబ్దం రాకముందే మాయమయ్యేది. చెవుల్లో తెల్ల మొగ్గలు ఉండేవి కావు.

కొండల్ రావు కుర్చీని కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. స్కూలు బస్సు మలుపు తిరిగే వేళకు ఎడమ చేత్తో తల దువ్వుకునేవాడు. తలుపు చప్పుడైతే నిటారుగా కూర్చునే ప్రయత్నం చేసేవాడు. అడుగులు గది దాటి మెట్లెక్కి పోయేవి.

"అవ... ని?" అని అడిగేవాడు కూతుర్ని.

"హోంవర్క్ ఉన్నదట బాపూ. ఎగ్జామ్స్ గద."

ఒకరోజు చంద్రిక జావ తాగిస్తుంటే ఆయన చెంచా పక్కకు నెట్టి, చాలాసేపు నాలుకతో కుస్తీ పట్టి అడిగాడు. "నా... మూతి... సూసి... బయ... పడ్తుందా?"

"లేదు బాపూ. అట్లేం లేదు."

ఆయన నమ్మలేదు. మర్నాటి నుంచి ఒడిలో తువ్వాలు పెట్టుకునేవాడు. బస్సు వచ్చే వేళకు దాన్ని నోటికి అడ్డంగా పట్టుకుని కూర్చునేవాడు, కళ్లు మాత్రమే కనిపించేలా. పిల్ల గుమ్మం దాటి పోయాక తువ్వాలు దించేవాడు. చంద్రిక ఒకసారి మెట్ల మీద నుంచి అది చూసి, తిరిగి పైకి పోయి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ సాయంత్రం కూతురి మీద అరిచింది కూడా. "నీకు మనసు లేదా?" అంది. అవని పెదవులు బిగించి ప్లేటులోకి చూస్తూ కూర్చుంది. చంద్రిక రెండోసారి అడగలేదు.

మే నెలలో కొండల్ రావుకు మళ్లీ స్ట్రోక్ వచ్చింది. ఈసారి మెదడులో రక్తం చిమ్మింది. హాస్పిటల్‌లో డాక్టర్ చంద్రికనూ అవినాష్‌నూ చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇక తెలివి రావడం జరగదని, చూడవలసిన వాళ్లు వచ్చి చూసుకోవచ్చని నెమ్మదిగా చెప్పింది. అవినాష్ అక్కడే ఉండిపోయాడు. చంద్రిక అవనిని తీసుకురావడానికి ఇంటికి వచ్చింది.

అవని వంటింట్లో నిలబడి ఉంది. బూట్లు వేసుకోమంటే కదల్లేదు.

"నేను రాను," అంది. ఆ పిల్ల మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"అవనీ, తాతకు బాగోలేదు. ఇదే చివరిసారి కావచ్చు. అర్థమవుతోందా?"

"నేను రావడం తాతకు ఇష్టం ఉండదు."

"ఏం మాటలవి? ఎవరు చెప్పారు నీకు?"

"తాతే చెప్పాడు."

చంద్రిక చేతిలో కారు తాళాలు ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు?"

"కృతి వాళ్లింట్లో రాత్రికి పడుకోవడానికి వెళ్లిన రోజు. నువ్వు పైన మీటింగ్‌లో ఉన్నావు. నేను బై చెప్పడానికి వెళ్లాను. తాత నా చేయి పట్టుకుని ఏదో అన్నాడు. యాప్ చెప్పింది, 'గో. డోంట్ వాంట్' అని. అది తప్పు చెప్తోందేమో అనుకున్నాను. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పింది. ఇంకోసారి కూడా. మిగతావన్నీ పిచ్చి పిచ్చిగా చెప్పేది కదా అమ్మా. అదొక్కటే సరిగ్గా చెప్పింది. తాత చేయి కూడా ఇలా ఇలా ఊపాడు, నన్ను తోసేస్తున్నట్టు. నేను చేయి వదిలించుకుని వెళ్లిపోయాను."

"తాత తెలుగులో ఏమన్నాడు? నీకు వినపడిందా?"

"వినపడింది."

"ఎట్లా అన్నాడో అట్లాగే అను."

అవని కళ్లు మూసుకుంది. తాత గొంతులోని బరువును కూడా తెచ్చుకుంటూ, తనకు తెలియని భాషలోని ఆ చప్పుడును జాగ్రత్తగా పలికింది. "పో..." అని ఆగి, గాలి పీల్చి, "...వద్దు."

చంద్రిక కుర్చీ లాక్కుని కూర్చుంది.

పో, వద్దు. పోవద్దు. జబ్బు పడ్డాక ఆయన యంత్రం కోసం నేర్చుకున్న వార్తల తెలుగు వదిలేశాడు. గోదావరిఖని మాటే నాలుక మీద మిగిలింది. దాన్ని కూడా ఒక్క గుక్కలో అనలేకపోయాడు. సగంలో ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి తీసుకున్నంతసేపట్లో యంత్రం ఆ మాటను రెండుగా కోసి పిల్ల చెవిలో పోసింది. పట్టుకుని ఆపబోయిన చేయి, వణికే చేయి, పిల్లకు నెడుతున్నట్టు తోచింది.

చంద్రికకు ఆ క్షణంలో ఒక పిరికి ఆలోచన వచ్చింది. చెప్పకుండా ఊరుకుంటే? చెబితే, తువ్వాలు అడ్డం పెట్టుకుని ఎదురుచూసిన ఆ సాయంత్రాలన్నీ ఈ పిల్ల నెత్తిన పడతాయి. చెప్పకపోతే, తాత నన్ను వద్దన్నాడు అనుకుంటూ పెరుగుతుంది. ఏది తక్కువ బరువో ఆమెకు తెలియలేదు. పిల్ల ముఖంలోకి చూసింది. చూశాక దాచడం చేతకాలేదు.

"అవనీ, అవి రెండు మాటలు కావు. ఒకటే మాట. కలిపి అంటే 'వెళ్లకు' అని. నిన్ను వెళ్లొద్దన్నాడు. ఉండమన్నాడు."

అవని జేబులోని ఫోన్‌ను తడుముకుంది. "మరి యాప్..."

"మధ్యలో ఆగాడు కదమ్మా. దానికి తెలియలేదు."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు," అంది అవని. గొంతులో కోపం లేదు, అదే చంద్రికను ఎక్కువ కోసింది. "పైనే ఉన్నావు. నేను వచ్చి నిన్ను అడగాల్సింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఎప్పుడూ నిన్ను అడగలేదు కదా."

"నేనూ నిన్ను అడగలేదు," అంది చంద్రిక.

హాస్పిటల్‌కి పోయే దారంతా అవని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతుండటం మాత్రం కనిపించింది.

గదిలో కొండల్ రావు నోట్లో గొట్టంతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎవరో ఆయన తల చక్కగా దువ్వారు. అవని మంచం దగ్గరికి పోయి అలవాటుగా జేబులోంచి ఫోన్ తీసింది. తెర వెలిగింది. దానివైపు చూసి, ఆర్పి, పక్కనున్న కుర్చీలో బోర్లా పెట్టింది.

"అమ్మా, తెలుగులో సారీ ఎలా చెప్పాలి?"

చంద్రిక నోరు తెరిచింది. క్షమించు అనే మాట ఉంది. ఆ మాట తమ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. చిన్నప్పుడు తను పాల గిన్నె ఒలకబోసినా, పెద్దయ్యాక అమ్మ చావుకు సమయానికి చేరలేకపోయినా, బాపుతో అన్నది సారీ అనే.

"సారీ అనే అంటాం," అంది. "తాతకు ఆ మాట తెలుసు."

అవని వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "సారీ తాతా," అంది. మళ్లీ అంది. ఇంకేం అనాలో ఆమెకు రాలేదు. ఉన్న తెలుగంతా వెతుక్కుని, "రా తాతా," అంది. "రా. తిను. రా." నర్సు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అవినాష్ గోడకు ఆనుకుని ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

ఆయన కళ్లు తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా, పోయాడు.

కర్మకాండలు షాంటిలీలోనే అయ్యాయి. ఫ్యూనరల్ హోమ్‌లో వచ్చినవాళ్లంతా అవనిని దగ్గరికి తీసుకుని, "తాతకు నువ్వంటే ప్రాణం కదా," అన్నారు. ప్రతిసారీ ఆ పిల్ల తలూపింది.

ఆ తర్వాత ఇంట్లో పనులు పనుల్లాగే సాగాయి. చంద్రిక ఆఫీసు మీటింగులకు తిరిగి వెళ్లింది. అవని స్కూలు అయిపోయి సెలవులు వచ్చాయి. తల్లీకూతుళ్ల మధ్య మాటలు తగ్గలేదు, అలాగని దగ్గరా కాలేదు. ఒకే దెబ్బ తగిలినవాళ్లు ఒకరినొకరు ముట్టుకోవడానికి జంకినట్టు, జాగ్రత్తగా మసిలేవాళ్లు.

జూలైలో ఒక శనివారం ఇద్దరూ సరుకులకు కారులో పోతున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అవని ఉన్నట్టుండి అంది. "నువ్వు పుట్టినప్పుడు తాత భూమి కింద ఉన్నాడు, తెలుసా?"

"తెలియదు," అంది చంద్రిక. నిజంగానే తెలియదు.

"ఆ రోజు కింద నీళ్లు వచ్చాయట. అందరినీ పైకి పంపించి చివర్న వచ్చాడట. పైకి వచ్చాక ఎవరో చెప్పారు, పాప పుట్టింది అని. ఒళ్లంతా నల్లగా ఉన్నాడు కదా, స్నానం చేయకుండానే సైకిల్ మీద హాస్పిటల్‌కి వెళ్లాడట. నర్సు ముట్టుకోనివ్వలేదట. దూరం నుంచే చూశాడట నిన్ను. వేళ్లు చూశాడట, అన్నీ ఉన్నాయా అని."

గ్రీన్ పడింది. వెనక కారు హారన్ కొట్టింది. చంద్రిక ముందుకు పోనిచ్చి, మొదట కనిపించిన షాపు పార్కింగ్ లాట్‌లోకి తిప్పి ఆపేసింది. బాపు ఈ సంగతి తనకెప్పుడూ చెప్పలేదు. ఎదురుగా నిలబడి ఇలాంటివి చెప్పే మనిషి కాదు. ఆ సాయంత్రాల్లో డెక్ మీద చెప్పాడు. తను అద్దం తలుపు ఇవతల కూరగాయలు తరుగుతూ వాళ్లను చూసి మురిసిపోయింది.

"ఇంకా ఏమన్నాడు?" అంది. "నన్ను చూసినప్పుడు ఎట్లా అనిపించిందట?"

అవని గుర్తు చేసుకుంది. "వెరీ హ్యాపీ అన్నాడు."

"తెలుగులో ఏమన్నాడు?"

"నాకు తెలియదు అమ్మా. నా చెవిలో అదే వినపడింది. 'ఐ వాజ్ వెరీ హ్యాపీ' అని." చంద్రిక ముఖం చూసి ఆ పిల్ల కంగారుపడింది. "ఏమని ఉంటాడు? నువ్వు చెప్పు. నువ్వు చెబితే గుర్తొస్తుందేమో."

చంద్రిక ఒక్కొక్కటే అని చూసింది. సంబరమైందన్నాడా? పానం లేసొచ్చిందన్నాడా? కడుపు నిండిందన్నాడా? బాపు గొంతుతో, ఆయన సాగదీసే తీరులో అన్నీ అంది. ప్రతి మాటకూ అవని శ్రద్ధగా చెవి ఒగ్గి వింది, ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది.

"గుర్తు రావడం లేదు," అంది ఏడుపు గొంతుతో. "నేను ఇంగ్లీషే విన్నాను అమ్మా."

"సరేలే," అని చంద్రిక ఆమె చేయి తన ఒడిలోకి తీసుకుంది. బయట ఎవరో సరుకుల బండి తోసుకుంటూ పోతున్నారు. ఇంజన్ ఆపలేదు. కాసేపటికి ఆపి, ఇద్దరూ దిగి సరుకులకు షాపులోకి వెళ్లారు.